వాచీ చెప్పిన మాట

"గేటు పాసు ఇటియ్యి," అన్నాడు తిరుమలరావు మూడోసారి.

మధులత ఇవ్వలేదు. వీధి తలుపుకు వీపు ఆనించి, తండ్రి ప్లాంటు పాసును గుప్పిట్లో బిగించి నిలబడింది. రాయపూర్‌లో తన ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఇవాళ ఇంట్లో ఉండిపోయింది ఆ పిల్ల, ఇందుకోసమే.

వంటింటి గుమ్మంలో వనజాక్షి అన్నం గిన్నెతో ఆగిపోయింది. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. బి షిఫ్టు రెండింటికి. ఆ షిఫ్టు నడిచే వారాల్లో ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లోని ఈ క్వార్టర్లో పన్నెండున్నరకు భోజనం, ఒంటిగంటుంబావుకు స్కూటరు చప్పుడు. ఆమె కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే వరస. ఇవాళ భర్త కంచంలో అన్నం కెలికింది కెలికినట్టే ఉంది.

"వాచీ పెట్టుకోండి నాన్నా. పాసు ఇచ్చేస్తాను," అంది మధులత.

"పెట్టుకోను."

"ఎందుకు?"

"అది అబద్ధాలకోరు కాబట్టి."

వాచీ బల్ల మీదే ఉంది. తండ్రి పుట్టినరోజుకు ఆ పిల్లే కొనిచ్చింది. మొదటి నెలంతా తిరుమలరావు దాన్ని చూసుకుని మురిసిపోయాడు. ఇవాళ ఎన్ని అడుగులు నడిచానో చూడండని వీధిలో కనపడ్డవాళ్ళందరికీ ముంజెయ్యి చాపి చూపించాడు. చిక్కు ఆ తరవాత వచ్చింది. రెండు వారాల్లో నాలుగుసార్లు, గుండె లయ సరిగా లేదు, వైద్యుణ్ణి కలవండి అంటూ దాని మీద అక్షరాలు వెలిగాయి. తల్లీకూతుళ్ళు బతిమాలి, బామాలి దుర్గ్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇ.సి.జి.లో అంతా సవ్యంగానే ఉంది.

ఆ డాక్టరు మాత్రం వాచీ మాట పూర్తిగా నమ్మనూ వద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు అన్నాడు. ఎప్పుడో ఒకసారి తప్పి మళ్ళీ సర్దుకునే లయ అయితే, తప్పిన ఆ కాసేపట్లోనే పట్టుకోవాలట. లేకపోతే దొరకదట. ఒక రోజంతా ఛాతీకి అంటించుకుని తిరిగే మిషను పెట్టుకోమన్నాడు. అలాగేనని తలాడించి వచ్చిన మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. వారం రోజులుగా వాచీ కూడా చేతికి పెట్టుకోవడం లేదు.

"మొన్న మీ అమ్మ చేతికి కట్టేవు కదా," అన్నాడు తిరుమలరావు. "కూకుని చపాతీ పిండి కలుపుతుంటే నాలుగొందల అడుగులు నడిచిందని చెప్పింది. పిండికీ నడకకీ తేడా తెలీందానికి నా గుండె గురించి ఏటి తెలుస్తాది?"

"అడుగులు వేరు, పల్స్ వేరు నాన్నా. ఒకసారైతే గల్తీ అనుకుందాం. నాలుగుసార్లు చెప్పింది. మిషను పెట్టుకోరు, ప్లాంటు డాక్టరుకి చెప్పరు. కనీసం దీన్ని చేతికైనా ఉంచుకోండి. బస్, ఇంతే అడుగుతున్నాను."

ప్లాంటు డాక్టరు మాట వినగానే ఆయన మొహం బిగుసుకుపోయింది. అసలు బాధంతా అక్కడే ఉంది. ప్లాంటులో ఉక్కు కరిగించే విభాగంలో తిరుమలరావు క్రేన్ ఆపరేటరు. నాలుగంతస్తుల ఎత్తున వేలాడే కేబిన్‌లో కూర్చుని, కుతకుత ఉడికే ఇనుముతో నిండిన లేడిల్‌ని, అంటే ఈ ఇంటి హాలంత పాత్రని, ఒకచోట ఎత్తి ఇంకోచోట దించడం ఆయన పని. గుండె జబ్బన్న మాట ఒక్కసారి కాగితం మీద పడిందంటే ఇక ఆ మెట్లు ఎక్కనివ్వరు.

"నాలుగేళ్ళుంది నా రిటైర్మెంటుకి," అన్నాడు. "ఇన్నేళ్ళలో నా చేతిలో చుక్క తొణకలేదు. ఇప్పుడు స్టోర్‌లో కుర్చీ ఏసి బోల్టులు పంచమంటావా? ఓ బొమ్మ వాచీ చెప్పిందని?"

మధులత తల దించుకుంది. ఇక పాసు ఇచ్చేస్తుందనుకుంది వనజాక్షి. కానీ ఆ పిల్ల నేలకేసి చూస్తూ, చాలా మెల్లగా, "కింద మనుషులుంటారు కదా నాన్నా," అంది.

తిరుమలరావు కేకలేస్తాడనుకుంది వనజాక్షి. ఆయన కేకలెయ్యలేదు. మొహంలో రంగు మాత్రం మారింది. మెడ పక్కన ఒక నరం టకటకా ఎగురుతోంది. వనజాక్షి చూపు దానికే అతుక్కుపోయింది. ఈ కోపానికి లోపల గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో, ఈ గొడవ ఇంకా సాగితే ఇక్కడే కూలిపోతాడేమో. ఆ భయం తప్ప ఆమెకు మరో ఆలోచన రాలేదు.

అన్నం గిన్నె కింద పెట్టి గబగబా వెళ్ళి, కూతురి గుప్పిట వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పాసు తీసి భర్త చేతిలో పెట్టింది.

"ఎల్లనియ్యి ఆయన్ని," అంది.

తిరుమలరావు హెల్మెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు. వాచీ వైపు చూడను కూడా లేదు.

స్కూటరు చప్పుడు మలుపు తిరిగిందాకా తల్లీకూతుళ్ళిద్దరూ కదల్లేదు. అప్పుడు మధులత అడిగింది, రోజూ నా ఫోన్లో ఆ నంబర్లు చూసి ఏడుస్తావు, మరి పాసెందుకిచ్చావని. వనజాక్షి వంగి అన్నం గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

నిజమే, ఏడుస్తుంది. ఆయన ఇంటికి రాగానే వాచీలోని ఆ రోజు లెక్కంతా మధులత ఫోన్లోకి ఎర్రగీతలా దిగేది. ఆ గీత ఎక్కడ ఎగిరింది, ఎక్కడ పడింది అని వేలు పెట్టి వెతుక్కోవడం వనజాక్షికి అలవాటైంది. సి షిఫ్టు చేసొచ్చి ఆయన పగలు నిద్రపోతుంటే, పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టేది. మొగుడి గుండెకొక అంకె ఉంటుందని రెండు నెలల కిందటి దాకా ఆమెకు తెలీదు. తెలియనప్పుడే హాయిగా ఉంది. ఆ వాచీని తీసుకెళ్ళి శివనాథ్ నదిలో పారేద్దామని ఎన్నిసార్లు అనుకుందో. పారేస్తే గీత కనపడదు. గుండె మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటూనే ఉంటుంది.

కింద మనుషులుంటారు. కూతురి మాట ఆమె చెవిలోంచి పోవడం లేదు. ఆ మనుషుల్లో ఒకడు ఎవరో ఆమెకు బాగా తెలుసు.

చెప్పులేసుకుని బయటికి నడిచింది. మధులత ఎక్కడికని అడిగితే, ఇప్పుడే వస్తానంది.

శంకరరావు క్వార్టరు రెండు వీధుల అవతల ఉంది. పద్దెనిమిదేళ్ళుగా తిరుమలరావు క్రేన్ కింద నిలబడి చేతి సైగలిచ్చేది అతనే. ఎత్తు, ఆపు, ఇటు తిప్పు, దించు అని కింద నుంచి అతను చెయ్యి ఆడిస్తే పైన లేడిల్ కదులుతుంది. తిరుమలరావును అన్నయ్యా అంటాడు, వనజాక్షిని వదినా అంటాడు.

ఆమె వెళ్ళేసరికి వరండాలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. వంటింట్లోంచి అతని భార్య పైడమ్మ, అక్కా రా కూకో, అంది. తొందరగా వెళ్ళాలని చెప్పి, వనజాక్షి అతన్ని గేటు దగ్గరికి పిలిచింది.

దారిలో ఎలా చెప్పాలో అంతా కూర్చుకుంది గాని, నోరు విప్పేసరికి ఆ వరస చెదిరిపోయింది. వాచీ అంది, నాలుగుసార్లు అంది, దుర్గ్ డాక్టరు మాటలు సగమే చెప్పింది. మొగుడి వెనక మొగుడి గుట్టు విప్పుతున్నానన్న సిగ్గు ఒకపక్క. ఇతను నవ్వేసి, వాచీలు అలాగే అంటాయిలే వదినా, అంటే బాగుండునన్న ఆశ ఇంకోపక్క.

శంకరరావు నవ్వలేదు. వంగి బూటు తాడు ముడేస్తూ అంతా విన్నాడు. ముడెయ్యడం అయిపోయింది. లేవలేదు.

"నాకు తెలుసు వదినా," అన్నాడు.

వనజాక్షి గేటు ఊచ పట్టుకుంది.

మొన్న మంగళవారం సంగతి చెప్పాడతను. నిండు లేడిల్ గాల్లో ఉంది. దించమని చెయ్యి ఆడించాడు. కదల్లేదు. మళ్ళీ ఆడించాడు. ఈల వేశాడు. కేబిన్ అద్దం వెనక ఎప్పుడూ కనిపించే అన్నయ్య తల కనపడలేదు. అరనిమిషం పట్టిందో, ఇంకా ఎక్కువే పట్టిందో. ఆ తరవాత లేడిల్ ఎప్పట్లాగే, నెమ్మదిగా, చుక్క తొణక్కుండా దిగింది. షిఫ్టు దిగాక అడిగితే బ్రేకు పట్టేసిందన్నాడట. బ్రేకు పట్టేస్తే రిజిస్టరులో రాయాలి. ఆయన రాయలేదు. ఎందుకు రాయలేదని శంకరరావూ అడగలేదు.

"మరి నువ్వెందుకు చెప్పలేదు బాబూ, ఎవరికీ?"

"ఎలా చెప్పను? ఓసారి క్రేన్ గొలుసు తెగినప్పుడు అన్నయ్య పైన చెయ్యి నిలకడగా ఉంచకపోతే నాను ఈపాటికి గోడమీద ఫోటోలో ఉందును. ఆ మనిషిని దించెయ్యండని నా నోటితో అనలేను వదినా."

వంటింట్లోంచి పైడమ్మ అన్నం డబ్బా మూత నొక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆమెకు ఇదేమీ తెలీదని వనజాక్షికి అర్థమైంది.

"ఇవాళ ఎల్లకు," అంది వనజాక్షి.

అతను తల అడ్డంగా ఊపాడు. "నాను మానేస్తే నా జాగాలో ఇంకొకణ్ణి నిలబెడతారు. నాకైతే తెలుసు, పైకి చూస్తా ఉంటాను, కాస్త ఎడంగా నిలబడతాను. ఆడికి తెలీదు కదా."

డబ్బా తీసుకుని, బైకు స్టార్టు చేసి, ఒకసారి వెనక్కి తిరిగి ఆమె వైపు చూసి వెళ్ళిపోయాడు.

ఇంటికి ఎలా వచ్చిందో వనజాక్షికి తెలీదు. గోడ గడియారం ఒకటీ ముప్పావు చూపిస్తోంది. ఇంకో పావుగంటలో ఆయన ఆ మెట్లు ఎక్కేస్తాడు.

మధులతను ఫోన్ తియ్యమని, షిఫ్టు మేనేజరు నంబరు కలపమంది. షిఫ్టు మేనేజరు మనోహర్ విజయనగరం కుర్రాడు. కొత్తగా వచ్చినప్పుడు రెండుసార్లు వీళ్ళింట్లో భోజనం చేశాడు. మధులత తల్లి మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా కలిపింది.

మోత మధ్యలోంచి మనోహర్ గొంతు వినపడింది. వనజాక్షి చెప్పింది. ఈసారి తడబడలేదు. వాచీ సంగతి, ఇ.సి.జి. సంగతి, ఒక రోజు మిషను పెట్టుకోమంటే ఆయన పెట్టుకోని సంగతి వరసగా చెప్పింది. వాచీ చెప్పిందని ఒక సీనియర్ ఆపరేటర్ని ఆపడం అతనికీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది.

"డ్యూటీలో ఎప్పుడైనా ఏమైనా అయిందా ఆంటీ? మీకు తెలిసి?"

శంకరరావు వంగిన వీపు ఆమె కళ్ళముందు మెదిలింది. చెప్పిందంటే ఆయనతోపాటు అతని మీదికీ వస్తుంది, చూసి దాచావని. పైడమ్మ పిలుపు గుర్తొచ్చింది.

"నాకు తెలీదు బాబూ," అంది.

ఇవాళ్టికి ఎక్కనివ్వను, ప్లాంటు డాక్టరుకి చూపిస్తానన్నాడు మనోహర్. ఎవరు చెప్పారని ఆయన అడిగితే ఏం చెప్పమంటారని కూడా అడిగాడు. నా పేరు వద్దంది వనజాక్షి. ఫోన్ కూతురికి ఇచ్చేస్తే, ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆ తరవాత రెండున్నర గంటలు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. ఇద్దరూ తినలేదు. చల్లారిన అన్నం మీద మూతపెట్టి ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నారు. బయట స్కూటరు చప్పుడైతే చాలు, వనజాక్షి లేచి నిలబడేది, మళ్ళీ కూర్చునేది. మనోహర్ ఫోన్ సమయానికి ముట్టిందో లేదో. ఈలోపే ఎక్కేశాడేమో. ఎక్కాకే దిగమన్నారేమో, అందరిముందూ. ఆ అవమానానికే ఆయనకేదైనా అయితే? కాపాడబోయి తనే చంపుకున్నట్టవుతుందేమో. ఎటు చూసినా భయమే.

నాలుగుంబావుకు ఆయన స్కూటరు వచ్చింది. రాత్రి పదిన్నరకు రావలసిన చప్పుడు ఎండలో వచ్చేసరికి వీధిలో ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు.

తిరుమలరావు లోపలికొచ్చి, జేబులోంచి ఒక మడత కాగితం తీసి బల్ల మీద, వాచీ పక్కన పరిచాడు.

"చదవండి," అన్నాడు.

మధులత చదివింది. ప్లాంటు మెడికల్‌లో తీసిన ఇ.సి.జి. నార్మల్.

"కేబిన్ మెట్టు మీద కాలెట్టినోణ్ణి ఎనక్కి పిలిచేరు. ఆపరేటర్లందరూ చూస్తున్నారు. నిన్నగాక మొన్నొచ్చిన మనోహరు నా భుజమ్మీద చెయ్యేసి నడిపించుకెళ్ళేడు, ముసలోణ్ణి రోడ్డు దాటించినట్టు." గొంతు పెంచలేదాయన. కూతురి వైపు తిరిగాడు. "తృప్తేనా నీకు?"

మధులత తల్లి వైపు చూడలేదు. "అవును. నేనే ఫోన్ చేశాను," అంది.

ఎంత తేలిగ్గా అనేసిందో ఆ మాట. వనజాక్షి ఊరుకుంటే సరిపోయేది. కూతురి మీద కోపం నాలుగు రోజులుంటుంది, పోతుంది. పెళ్ళాం మీద అలా పోతుందో లేదో. అలా ఊరుకుందామని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది.

"అది చెయ్యలేదు," అంది. "నేను చేశాను."

తిరుమలరావు ఆమె వైపు చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన డ్యూటీ సంగతి ఆమె ఎవరితోనూ ఒక్క మాట అన్నది లేదు. ప్లాంటు గేటు ఎటుందో కూడా పట్టించుకోని మనిషి. ఆయన అలా చూస్తూనే ఉన్నాడు, తెలిసిన మొహాన్ని మళ్ళీ గుర్తుపట్టే ప్రయత్నంలో ఉన్నట్టు. తరవాత గదిలోకి వెళ్ళాడు.

తిట్టినా బాగుండేది. వనజాక్షి కాసేపు బయటే నిలబడింది. లోపల అలికిడి లేదు. గబుక్కున తలుపు తోసింది.

ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటున్నాడు.

"తలుపెయ్యి," అన్నాడు.

వేసింది.

"ఆ కాయితం చూసి అక్కడ అందరూ నవ్వేరు. వాచీ మాట ఇని పరిగెట్టుకొచ్చేరన్నారు. నాకూ నవ్వొస్తాదనుకున్నాను. రాలేదు. డాక్టరు అడిగేడు. తల తిరుగుతాదా, కళ్ళు చీకట్లు కమ్ముతాయా, డ్యూటీలో ఎప్పుడైనా తెలివి తప్పేవా అని. లేదన్నాను. లేదనే రాసుకున్నాడు. రేప్పట్నుంచి ఎక్కొచ్చన్నాడు."

వనజాక్షి ఆయన పక్కన కూర్చుంది. ఏదో వస్తోందని ఆమెకు తెలుస్తోంది. వినకుండా లేచిపోవాలనిపించింది.

"మంగళవారం నిండు లేడిల్ ఎత్తేను వనజా. ఎత్తినట్టు గుర్తుంది." తిరుమలరావు గొంతు ఆమెకు తెలిసిన గొంతులా లేదు. "దించినట్టు గుర్తు లేదు."

హాల్లో మధులత గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. వనజాక్షి భర్త చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. రేపు వెళ్ళకండి అనబోయింది. ఈలోగా ఆయనే అందుకున్నాడు.

"ఒకసారే కదా. మళ్ళీ రాదు. ఎండకో, నీళ్ళు తాగకో అయుంటాది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. శంకరానికి అసలు తెలీకూడదు. ఆడు రోజూ నా కిందే నిలబడతాడు. తెలిస్తే భయపడతాడు."

శంకరరావుకి తెలుసన్న మాట వనజాక్షి మింగేసింది.

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, రేపు డబ్బాలోకి ఏం కూర చేస్తావని అడిగాడు.